ఇంటి దొంగల మధ్య నిజాయితీపరుడు

అమెరికా వాళ్ళ యాభై డాలర్ల నోటు మీద గడ్డంతో, కాస్త దిగులుగా కనిపించే మనిషి యులిసిస్ గ్రాంట్. సొంత డబ్బు ఏనాడూ నిలబెట్టుకోలేని మనిషి బొమ్మను ఏరికోరి డబ్బు మీదే అచ్చువేశారే అని నాకు నవ్వొస్తూ ఉంటుంది. అంతర్యుద్ధంలో దేశాన్ని నిలిపిన సేనానిగా ఆయన్ను పుస్తకాలు పొగుడుతాయి. నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం ఆయన అధ్యక్షుడుగా ఉన్న ఎనిమిదేళ్ళు. లంచం ముట్టని మనిషి పాలనలో లంచగొండితనం అంతగా ఎలా పెరిగింది? ఈ ప్రశ్న కోసమే ఆయన కథ మిత్రులకు చెప్పాలనిపించింది.

గ్రాంట్ 1822 ఏప్రిల్ 27న ఒహాయో రాష్ట్రంలో పుట్టాడు. తండ్రిది తోళ్ళు పదునుచేసే వ్యాపారం. అసలు పేరు హైరమ్ యులిసిస్. వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలకు సిఫారసు చేసిన పెద్దమనిషి పేరు తప్పు రాసి పంపితే, ఆ తప్పే జీవితాంతం నిలిచిపోయింది. 1843లో 39 మందిలో 21వ వాడుగా బయటపడ్డాడు. మనలో చాలామందికి ఊరట కలిగించే సంగతే! మెక్సికో యుద్ధంలో ధైర్యంగా పోరాడాడు గానీ, 1854లో సైన్యం వదిలేశాడు. తాగుడే కారణమని అప్పట్లో చెప్పుకున్నారు. ఆ తరువాత సేద్యం చేసి నష్టపోయాడు. సెయింట్ లూయీ వీధుల్లో బండిమీద కట్టెలు అమ్ముకున్నాడు. 1857 డిసెంబరులో గడియారాన్ని 22 డాలర్లకు తాకట్టు పెట్టాడు. 1860 నాటికి తండ్రిగారి తోళ్ళ దుకాణంలో గుమాస్తా.

మరుసటి ఏడే యుద్ధం వచ్చింది. 1863లో విక్స్‌బర్గ్ పట్టుకున్నాడు. 1865 ఏప్రిల్ 9న దక్షిణాది సేనాని లీ ఆయనకే లొంగిపోయాడు. 1869లో, నలభైయారేళ్ళ వయసులో అధ్యక్ష పీఠం ఎక్కాడు. నల్లజాతి పురుషులకు ఓటుహక్కు ఇచ్చిన 15వ రాజ్యాంగ సవరణ 1870లో అమలులోకి వచ్చింది. న్యాయశాఖ ఏర్పడిందీ ఆ ఏడే. కూ క్లక్స్ క్లాన్ ముఠాలను ఆ శాఖ చేతనే కోర్టుకు ఈడ్చాడు. ఇవి చిన్న పనులు కావు.

కానీ ఆయనకొక బలహీనత ఉంది. స్నేహితుణ్ణి అనుమానించడం ఆయనకు చేతకాదు. యుద్ధంలో పక్కన నిలిచిన వాళ్ళు రాజధానిలోనూ అలాగే నిలుస్తారనుకున్నాడు. 1869లోనే జే గూల్డ్, జిమ్ ఫిస్క్ అనే ఇద్దరు వ్యాపారులు బంగారం ధరను చేతిలో పెట్టుకుందామని, గ్రాంట్ చెల్లెలి భర్త కార్బిన్‌ను వాడుకున్నారు. ఆలస్యంగా గ్రహించిన గ్రాంట్ సెప్టెంబరు 24న ప్రభుత్వ బంగారం అమ్మించాడు. ధర కుప్పకూలి ఎందరో దివాలా తీశారు.

అసలు దెబ్బ 1875లో తగిలింది. అప్పట్లో గ్యాలను విస్కీ మీద పన్ను 70 సెంట్లు. సారా బట్టీల వాళ్ళు కాచింది ఒకటి, లెక్కలో చూపింది ఒకటి. ఎగ్గొట్టిన పన్నును బట్టీదారులూ, కొలతగాళ్ళూ, వసూలు అధికారులూ పంచుకునేవారు. మొదట పార్టీ ఎన్నికల ఖర్చుకని చెప్పి మొదలైన అలవాటు, పోనుపోను సొంత జేబులకే చేరింది. సెయింట్ లూయీలో దీనికి నాయకుడు జాన్ మెక్‌డొనాల్డ్. గ్రాంట్ నియమించిన అధికారే! కంచే చేను మేసిందన్నమాట.

ఆర్థికశాఖ కార్యదర్శి బెంజమిన్ బ్రిస్టో గట్టివాడు. సొంత శాఖ వాళ్ళను నమ్మకుండా బయటివాళ్ళచేత గుట్టుగా కూపీ లాగించాడు. ఊరి నుంచి రవాణా అయిన సరుకు లెక్కనూ, పన్ను కట్టిన సరుకు లెక్కనూ పక్కపక్కన పెట్టించాడు. దొంగతనం దానంతటదే బయటపడింది. 1875 మే 10న ఏకకాలంలో దాడులు జరిగాయి. చివరికి 238 మంది మీద నేరారోపణలు వచ్చాయి, 110 మందికి శిక్ష పడింది, ముప్ఫై లక్షల డాలర్లకు పైగా ఖజానాకు చేరింది. దోషి ఎవడైనా సరే వదలొద్దని గ్రాంట్ స్వయంగా రాసిచ్చాడు. అప్పటికి ఆయన మనసులో శంక లేదు.

కూపీ లాగగా లాగగా తీగ అధ్యక్ష భవనంలోకే పాకింది. గ్రాంట్ ఆంతరంగిక కార్యదర్శి ఆర్విల్ బాబ్‌కాక్, సిల్ఫ్ అనే మారుపేరుతో మెక్‌డొనాల్డ్‌కు పంపిన తంతులు దొరికాయి. యుద్ధకాలం నుంచీ పక్కనున్న మనిషి! అక్కడ గ్రాంట్ మారిపోయాడు. ఇది తనమీద పన్నిన కుట్ర అనుకున్నాడు. గట్టిగా వాదిస్తున్న ప్రాసిక్యూటర్ హెండర్సన్‌ను తొలగించారు. మిత్రుడి తరఫున తానే వెళ్ళి సాక్ష్యం చెబుతానన్నాడు. మంత్రులు వారిస్తే, 1876 ఫిబ్రవరి 12న ప్రధాన న్యాయమూర్తి వెయిట్ సమక్షంలో అధ్యక్ష భవనంలోనే వాంగ్మూలం ఇచ్చాడు. దేశాధ్యక్షుడే మంచివాడంటే జ్యూరీ ఏం చేస్తుంది? ఫిబ్రవరి 24న బాబ్‌కాక్ నిర్దోషిగా బయటికొచ్చాడు. నిజం వెలికితీసిన బ్రిస్టో మాత్రం జూన్‌లో రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. జైలుకెళ్ళిన మెక్‌డొనాల్డ్‌కు 1877 జనవరిలో క్షమాభిక్ష దొరికింది.

వారం తిరక్కుండా ఇంకో పిడుగు. ఫోర్ట్ సిల్ అనే సైనిక స్థావరంలో దుకాణం నడుపుకునే హక్కుకు ప్రతిఫలంగా యుద్ధశాఖ కార్యదర్శి బెల్‌నాప్ ఇంటికి ఏళ్ళ తరబడి డబ్బు ముట్టిందని తేలింది. మార్చి 2న అతను ఏడుస్తూ వచ్చి రాజీనామా ఇస్తే గ్రాంట్ అప్పటికప్పుడే ఆమోదించాడు. ప్రతినిధుల సభ ఆ రోజే అభిశంసించినా, సెనేట్‌లో మూడింట రెండు వంతుల ఓట్లు రాలేదు. పదవిలో లేనివాణ్ణి విచారించకూడదని చాలామంది అడ్డుచెప్పారు మరి.

దీని ఖరీదు ఖజానాలో పోయిన డాలర్లే అనుకుంటే పొరపాటు. 1873 నాటి ఆర్థిక సంక్షోభమూ, ఈ కుంభకోణాలూ కలిసి ప్రభుత్వం పరువు తీశాయి. 1874 ఎన్నికల్లో ప్రతినిధుల సభ చేజారింది. 1875లో మిసిసిపీ గవర్నరు నల్లవాళ్ళ ప్రాణరక్షణకు సైన్యం పంపమంటే, పంపలేదు. పరువుపోయిన ప్రభుత్వానికి మంచిపని చేసే బలం కూడా పోతుంది. ఆ నష్టం తాగినవాళ్ళకూ తిన్నవాళ్ళకూ కాదు, అండలేనివాళ్ళకు.

పదవి దిగాక గ్రాంట్ ప్రపంచయాత్ర చేశాడు. 1879లో మన బొంబాయి, ఆగ్రా, కలకత్తా కూడా చూశాడు. తిరిగొచ్చాక ఫెర్డినాండ్ వార్డ్ అనే మాటకారిని నమ్మి వ్యాపారంలో దిగితే, 1884 మేలో వార్డ్ చేసిన మోసం బయటపడి సర్వం పోయింది. పాపం, నమ్మకం నేర్పిన పాఠం అప్పటికీ ఒంటబట్టలేదు! అప్పు తీర్చడానికి యుద్ధంలో సంపాదించిన కత్తులూ పతకాలూ అప్పగించాడు. ఆ ఏడే గొంతులో కాన్సరు. భార్యాబిడ్డలు వీధిన పడకూడదని, ఆ బాధలోనే స్వీయచరిత్ర రాశాడు. అది ముగించిన కొద్దిరోజులకే, 1885 జూలై 23న కన్నుమూశాడు. మార్క్ ట్వేన్ ప్రచురించిన ఆ పుస్తకం భార్య జూలియాకు నాలుగు లక్షల డాలర్లకు పైగా తెచ్చింది. అందులో యుద్ధం ఉంది. అధ్యక్ష పదవీకాలం కథ లేదు. ఆ మౌనమే ఆయన ఇచ్చుకున్న సంజాయిషీ అని నాకనిపిస్తుంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బ్రిస్టో పట్టుకున్నాడు. పట్టుకున్న దొంగ తన ఇంటివాడని తెలిశాకే గ్రాంట్ తడబడ్డాడు. రేపు మనలో కొందరు ఆఫీసర్లవుతారు, కొందరు నాయకులవుతారు. మన పక్కనా మిత్రులుంటారు, వాళ్ళ చేతుల్లో జనం సొమ్ము ఉంటుంది. మన చేతులు శుభ్రంగా ఉంటే సరిపోదు. లెక్క అడగడం స్నేహానికి ద్రోహం కాదని మనమూ నమ్మాలి, అడిగించుకునే మిత్రుడూ నమ్మాలి.