జిగోరో కానో – పడుట నేర్పిన గురువు

గెలుచుట నేర్పు గురువులు లోకమున పెక్కుమంది కలరు. పడుట నేర్పువారు అరుదు. జపాను దేశమున జూడో విద్యను నెలకొల్పిన జిగోరో కానో అట్టివాడు. ఈయన వృత్తిచే ఉపాధ్యాయుడు. కావున ఈయన చరిత్రము మన విద్యార్థులకు ఉపయుక్తమగునని తలంచి సంగ్రహముగా వ్రాయుచున్నాము.

కానో 1860వ సంవత్సరమున కోబే నగర సమీపముననున్న మికాగే గ్రామమున సంపన్న కుటుంబమునందు జన్మించెను. బాల్యముననే తల్లి గతింపగా, తండ్రి అతనిని టోక్యో నగరమునకు తోడ్కొనిపోయి మంచి చదువు చెప్పించెను. బాలుడు బుద్ధియందు చుఱుకైనవాడే గాని దేహమున మిక్కిలి చిన్నవాడు. తోడి విద్యార్థులలో బలవంతులు అతనిని కొట్టి యేడిపించుచుండిరి. బలహీనుడు బలవంతుని నిలువరించు నుపాయము జుజుత్సు అను ప్రాచీన విద్యయందు కలదని విని, దానిని నేర్చి తీరవలెనని అతడు నిశ్చయించుకొనెను.

1877లో విశ్వవిద్యాలయమున చేరిన కాలముననే ఫుకుదా హచినొసుకే అను గురువు అతనికి లభించెను. ఒకనాడు శిష్యుడు ఒక పట్టును గూర్చి ప్రశ్నింపగా, గురువు మాటలతో వివరింపక అతనిని మరల మరల పడవేసెనట. కానో దేహమంతయు దెబ్బలతో నిండి, మందుపూతల వాసన వేయుచుండెడిది. ఆ బాధ నతడు ఓర్చుకొనెను గాని మఱవలేదు.

1882లో టోక్యోలోని ఏయిషోజి అను బౌద్ధాలయమున, 12 చాపలు పట్టు గదిలో, కొలదిమంది శిష్యులతో కానో తన కోదోకాన్ విద్యాలయమును స్థాపించెను. ప్రాణాపాయకరములగు దెబ్బలను నిత్యసాధననుండి తొలగించెను. పడవేయుటకు ముందుగా పడుటయే నేర్పవలెనని నియమించెను. ఈ విద్యకు ఉకెమి యని పేరు.

దాని కిటుకు సులభగ్రాహ్యమే. వెల్లకిల పడువాడు గడ్డమును ఱొమ్మునకు చేర్చును. అందుచే తల నేలను తాకదు. వీపును గుండ్రముగా వంచి, నేల తాకు క్షణముననే చేతులను ఏటవాలుగా చాచి అఱచేతులతో చాపను చఱచును. దెబ్బ ఒక్కచోట తగులక విశాలముగా పంచబడును. అట్లుగాక ఒక్క చేతిపై ఆనుకొన జూచినవానికి మణికట్టో మోచేయియో విఱుగును. ఈ సాధన మొదట పరుండి, పిదప గొంతుకూర్చుండి, తుదకు నిలుచుండి చేయవలెను. పడుటకు భయపడువాడు దేహమును బిగించుకొని యేమియు నేర్వజాలడు. ఆ భయము తొలగినవాడే నేర్చును.

పడవేయువానికిని బాధ్యత కలదు. కానో 1891లో ఐరోపానుండి తిరిగివచ్చుచు, ఓడలో తనతో పెనగులాడిన యొక రష్యనును పడవేసి, అతని తల నేలకు కొట్టుకొనకుండ తన చేయి అడ్డుపెట్టెనని చెప్పుదురు. ఆయన హృదయము నెఱుగుటకు ఇది యొక్కటి చాలును.

1893 మొదలుకొని మధ్య మధ్య విరామములతో ఇరువది యేండ్లకు పైగా ఆయన టోక్యోలోని ఉన్నత ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు అధ్యక్షుడుగా నుండెను. 1909లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమున ఆసియా ఖండమునుండి ప్రథమ సభ్యుడయ్యెను. 1938 మే 4వ తేదీన, కైరో సభనుండి మరలివచ్చుచు ఓడలోనే కన్నుమూసెను. 1964లో టోక్యో ఒలింపిక్ క్రీడలలో జూడో ప్రవేశించినది; దానిని చూచుటకు ఆయన లేడు.

అయినను విచారింపదగిన దొకటి కలదు. ఆయన స్వదేశముననే, తరువాతి కాలమున, పాఠశాలలలో జూడో నేర్చుచు తలకు దెబ్బ తగిలి మరణించిన బాలురు కలరు. పడుట చక్కగా రాకమునుపే పిల్లలను పడవేయుట యెంత ప్రమాదమో దీనివలన తెలియుచున్నది. కావున విద్యార్థులారా, ఇది చదివి గచ్చునేలపై ఒకరినొకరు పడవేయ బూనకుడు. దీనికి మెత్తని చాపయు, తెలిసిన గురువును ఉండవలెను. ఉపాధ్యాయులమగు మేమును ఒక పాఠము గ్రహింపవలసియున్నది. శిష్యుని పరీక్షకు నిలుపుటకు ముందు, తప్పినచో గాయపడక లేచు మార్గమును వానికి నేర్పితిమా యని మమ్ము మేము ప్రశ్నించుకొనవలెను.