గుండె గీతను పట్టుకున్న ఐంథోవెన్

ఈసీజీ తీసేటప్పుడు కదలొద్దు, చేతులు వదులుగా పెట్టండి అంటారు కదా, ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? గుండె నుంచి చర్మం దాకా వచ్చేది సుమారు ఒక మిల్లీవోల్టు. టార్చిలైటు సెల్లులో ఉండేదానిలో పదిహేను వందలో వంతు! చేయి బిగిస్తే ఆ కండరం పంపే సంకేతం కూడా వచ్చి కలిసిపోతుంది. సైన్సు భాషలో దీన్నే నాయిస్ అంటారు. దాంతో జీవితమంతా తలపడిన మనిషి విల్లెం ఐంథోవెన్.

1860లో జావా దీవిలోని సెమరాంగ్‌లో పుట్టారు. డాక్టరైన తండ్రి చిన్నప్పుడే పోయారు. తల్లి ఆరుగురు పిల్లలతో హాలండ్‌లోని యూట్రెక్ట్ చేరి అక్కడే వాళ్లను పెంచారు. ఐంథోవెన్ పాతికేళ్లకే లైడెన్ యూనివర్సిటీలో ప్రొఫెసరయ్యారు.

అప్పట్లో గుండె కరెంటును కొలవడానికి ఉన్న సాధనం సన్నటి గాజు గొట్టంలో పాదరసం. దాని కదలిక మందం. పైగా ల్యాబ్ పక్క వీధిలో గుర్రబ్బండి వెళ్తే చాలు, పాదరసం వణికేది. నేల తవ్వించి రాళ్లు నింపించారు, అయినా లాభం లేకపోయింది. చివరికి లెక్కలు కట్టి గీతను సరిదిద్దారు. ఆ గీతలోని మలుపులకు ఆయన పెట్టిన పి, క్యూ, ఆర్, ఎస్, టి అన్న పేర్లే నేటికీ మీ రిపోర్టులో ఉంటాయి.

కానీ ప్రతి రోగికీ అన్ని లెక్కలు ఎవరు కడతారు? భూతద్దం పెంచితే గుండె గీతతో పాటు వణుకూ పెద్దదవుతుంది. అందుకే ఆయన సాధనాన్నే మార్చేశారు. వెండి పూత వేసిన, కంటికి సరిగా ఆనని క్వార్ట్జ్ దారాన్ని బలమైన విద్యుదయస్కాంతం మధ్య బిగించారు. బరువే లేని దారం కాబట్టి చిన్న కరెంటుకూ వెంటనే కదిలేది. దాని నీడను ఫొటో తీసేవారు. దారం అంత తేలిక, యంత్రం మాత్రం సుమారు 270 కిలోలు! నడపడానికి అయిదుగురు కావాలి, అయస్కాంతం వేడెక్కకుండా నీళ్లు పారించాలి. ఆసుపత్రికి మోసుకెళ్లడం కుదరక, 1905లో కిలోమీటరున్నర దూరంలోని రోగుల గుండె సంకేతాన్ని టెలిఫోన్ తీగ మీద ల్యాబ్‌కే రప్పించారు.

1924లో నోబెల్ బహుమతి వచ్చింది, 1927లో కన్నుమూశారు. ఆయన రోగులు చేతులూ కాలూ ఉప్పునీళ్ల పాత్రల్లో పెట్టి కూర్చునేవారు. తీగకూ చర్మానికీ మధ్య కరెంటు సాఫీగా పోవాలని. ఇప్పుడు మీకు చల్లగా తగిలే ఆ జెల్ చేసేదీ అదే పని.