నొప్పి విలువ తెలిసిన డాక్టరు: పాల్ బ్రాండ్ గారు

చింతాద్రిపేట పెద్దలకు స్కడ్డర్ గారి పేరు కొత్త కాదు. 1836లో మద్రాసు వచ్చిన మిషనరీ వైద్యులు డాక్టర్ జాన్ స్కడ్డర్ గారు ఈ పేటలోనే పనిచేశారు. వారి మనుమరాలు ఐడా స్కడ్డర్ గారు వేలూరులో స్థాపించిన వైద్య కళాశాలకు 1946లో ఒక యువ సర్జన్ వచ్చారు. ఆయనే పాల్ బ్రాండ్ గారు. షుగరు వ్యాధి ఉన్నవారందరూ తెలుసుకోవలసిన జీవితం ఆయనది.

ఆయన 1914 జూలై 17న కొల్లి కొండల్లో పుట్టారు. తలిదండ్రులు జెస్సీ, ఎవలిన్ బ్రాండ్ గార్లు బాప్టిస్టు మిషనరీలు. తొమ్మిదో ఏట చదువుకై ఇంగ్లాండుకు పంపబడ్డారు. 1929లో తండ్రి జ్వరంతో ఆ కొండల్లోనే కన్నుమూశారు. మొదట వడ్రంగం, తాపీపని నేర్చుకొని, తర్వాత లండనులో వైద్యం చదివారు. చేతిపని నేర్చిన చేయి కనుకనే మంచి సర్జన్ అయ్యారని నా అభిప్రాయం.

1947లో చెంగల్పట్టు కుష్ఠు ఆసుపత్రిలో వంకరపోయిన చేతులను చూసి, వాటిని శస్త్రచికిత్సతో సరిచేసే పని మొదలుపెట్టారు. ఆ రోజుల్లో కుష్ఠు వల్ల వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోతాయని అందరి నమ్మకం. బ్రాండ్ గారు ఓపికగా గమనించి చూడగా తేలినది వేరు. నరాలు మొద్దుబారి నొప్పి తెలియనందున రోగులు వేడి గిన్నె పట్టుకునేవారు, మేకు గుచ్చుకున్న కాలితోనే నడిచేవారు. రాత్రి నిద్రలో ఎలుకలు వేళ్లు కొరికినా మెలకువ వచ్చేది కాదు. అందుకని ఆయన రోగులకు పిల్లులను పెంచుకోమని ఇప్పించారు! మెత్తని రబ్బరు అడుగున్న చెప్పులు కూడా చేయించారు.

ఒకసారి ఇంగ్లాండులో రైలు దిగాక తన మడమకు స్పర్శ లేదని గమనించి, గుండుసూదితో గుచ్చుకున్నారు. నొప్పి లేదు. తనకూ కుష్ఠు వచ్చిందనుకుని రాత్రంతా నిద్రపోలేదు. తెల్లవారి మళ్లీ గుచ్చుకుంటే చురుక్కుమంది. చాలాసేపు కూర్చోవడం వలన నరం తిమ్మిరెక్కిందంతే. ఆ నొప్పికి ఆయన దేవునికి స్తోత్రం చెల్లించారు.

1966లో అమెరికాలోని కార్విల్ ఆసుపత్రికి వెళ్లాక, షుగరు రోగుల అరికాళ్లలోనూ అవే పుండ్లు చూశారు. రక్తం అందకనే ఇవి మానవని చాలామంది డాక్టర్లు అనుకునేవారు. అదీ కొందరిలో నిజమే. అయితే నొప్పి తెలియక పుండు మీదే నడవడం పెద్ద కారణమని ఆయన చూపించారు. పిండికట్టు వేసి బరువును పాదమంతటా పంచితే, ఎన్నాళ్లుగానో మానని పుండ్లు కొన్ని వారాల్లో మానేవి.

గుమ్మం దగ్గర చెప్పులు విడవడం మన పాత మర్యాద. కాని మే నెల ఎండలో కాలిన బండలపై మొద్దుబారిన కాలు బొబ్బలెక్కినా తెలియదు. అట్టివారు లోపలికి వేరే శుభ్రమైన చెప్పులు ఉంచుకుంటే అమర్యాద అనుకోకూడదు. రోజూ రాత్రి అరికాలు అద్దంలో చూసుకోవాలి, లేదా మనుమలచేత చూపించుకోవాలి. వేడినీళ్లను కాలితో గాక మోచేతితో పరీక్షించాలి. ఆనెలను బ్లేడుతో కోయరాదు. పుండు కనిపిస్తే, నొప్పి లేకపోయినా, ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లాలి, నడక మానాలి.

బ్రాండ్ గారు 2003 జూలై 8న సియాటిల్‌లో మరణించారు. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను పోగును అరికాలికి తాకించి, కళ్లు మూసుకున్న రోగికి తెలిసిందా లేదా అని అడిగే పరీక్ష ఉంది. రెండు మూడు నిమిషాల పని. షుగరు ఉన్నవారు ఏటా ఒకసారి అడిగి చేయించుకోవచ్చు.