పత్తి లెక్కలను పటానికెక్కించిన మినార్

ఇచ్ఛాపూర్ (సూరత్): సూరత్ నుంచి హజీరా వెళ్లే మార్గంలో ఉన్న ఇచ్ఛాపూర్ నేడు వజ్రాభరణాల పారిశ్రామికవాడగా ప్రసిద్ధి చెందింది. అయితే 19వ శతాబ్దంలో సూరత్ పేరు ఐరోపాలో ప్రచారం పొందడానికి పత్తి ఒక ముఖ్య కారణం. రేవు వ్యాపారం చాలావరకు బొంబాయికి తరలిపోయిన తర్వాత కూడా, భారతదేశం నుంచి వచ్చే పొట్టి పింజ పత్తిని లాంకషైర్ మిల్లులు ‘సూరత్’ అనే పేరుతోనే వ్యవహరించేవి. ఆ పత్తి ఎంత పరిమాణంలో సముద్రాలు దాటుతున్నదో ఒక్క చూపులో బోధపడేలా పటాలు రచించిన వ్యక్తి చార్ల్స్ జోసెఫ్ మినార్ అనే ఫ్రెంచి ఇంజనీరు.

మినార్ 1781 మార్చి 27న ఫ్రాన్స్‌లోని డిజోన్ పట్టణంలో జన్మించారు. పదిహేనేళ్ల ప్రాయంలోనే ప్యారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో ప్రవేశం పొందారు. అనంతరం వంతెనలు, రహదారుల ప్రభుత్వ విద్యాలయంలో శిక్షణ పొంది కాల్వలు, రేవుల నిర్మాణాలలో పనిచేశారు. 1830 నుంచి 1836 వరకు అదే విద్యాలయానికి పర్యవేక్షకులుగా వ్యవహరించారు. ఇన్‌స్పెక్టర్ జనరల్ హోదాకు ఎదిగి, 1851లో డెబ్బయ్యవ జన్మదినాన పదవీ విరమణ చేశారు. ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చిన పటాలలో అత్యధికం ఆ తర్వాత వెలువడినవే కావడం విశేషం.

అంకెలకు రూపమిచ్చే ప్రయత్నాలు అంతకు ముందే మొదలయ్యాయి. 1801లో విలియం ప్లేఫేర్ దేశాల విస్తీర్ణాన్ని వృత్తాలతో సూచించారు. 1837లో హెన్రీ డ్రూరీ హార్నెస్ ఐర్లండ్ పట్టణాల జనాభాను పటంపై వృత్తాలుగా చూపారు. మినార్ 1845లో డిజోన్-మల్‌హౌస్ ప్రాంతంలో బండ్లపై సాగే ప్రయాణికుల రాకపోకలను పట్టీలుగా గీశారు. ఆ ప్రాంతంలో రైలు మార్గం నిర్మించే ప్రతిపాదన అప్పట్లో ఉండేది. ప్రయాణికులు ఎంత ఎక్కువైతే పట్టీ అంత వెడల్పుగా ఉంటుంది. 1858లో ప్యారిస్‌కు ఏ జిల్లా నుంచి ఎంత మాంసం వస్తున్నదో వృత్తాలతో చూపి, ఒక్కొక్క వృత్తాన్ని మాంసం రకాలవారీగా విభజించారు.

ఇందులో ఇమిడి ఉన్న గణితం సులభమే అయినా పొరపాటుకు అవకాశం ఎక్కువ. పరిమాణం రెట్టింపైతే పట్టీ వెడల్పు కూడా రెట్టింపు చేస్తే చాలు. వృత్తానికి ఈ సూత్రం వర్తించదు. పరిమాణం నాలుగు రెట్లయితే వృత్త వ్యాసాన్ని రెండు రెట్లు మాత్రమే పెంచాలి. వ్యాసాన్ని కూడా నాలుగు రెట్లు చేస్తే వైశాల్యం 16 రెట్లవుతుంది. అప్పుడు లెక్క సరిగా ఉన్నా పటం అబద్ధమాడుతుంది. అందుకే వర్గమూలం ప్రకారం వృత్తాలను గీస్తారు. అయితే మానవ నేత్రం పెద్ద వృత్తాలను తక్కువగా అంచనా వేస్తుందని 1950 దశకంలో అమెరికన్ పరిశోధకుడు జేమ్స్ ఫ్లానరీ నిరూపించారు. వర్గమూలానికి వాడే 0.5 ఘాతాంకానికి బదులు సుమారు 0.57ను ఆయన సూచించారు.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం ఆరంభం కావడంతో దక్షిణాది రేవులు దిగ్బంధానికి గురయ్యాయి. లాంకషైర్‌లో మిల్లులు మూతపడి వేలాది కార్మికులు వీధినపడ్డారు. 1858, 1864, 1865 సంవత్సరాల పత్తి దిగుమతులను మినార్ పక్కపక్కనే మూడు పటాలుగా చూపారు. మొదటి పటంలో అట్లాంటిక్‌పై విశాలంగా పరచుకున్న అమెరికా పట్టీ రెండవ పటంలో సన్నని గీతగా కుంచించుకుపోయింది. ఆఫ్రికాను చుట్టివచ్చే భారత పట్టీ బాగా విస్తరించింది. పట్టీలకు చోటు చాలకపోతే ఆయన జలసంధులనే వెడల్పు చేశారు తప్ప అంకెలను తగ్గించలేదు. ఆ యుద్ధకాలంలోనే పత్తి ఎగుమతుల వల్ల మన కాకినాడ రేవుకు ప్రాముఖ్యం పెరగడం గమనార్హం.

1869 నవంబరులో, 88 ఏళ్ల వయసులో ఆయన 1812 నాటి నెపోలియన్ రష్యా దండయాత్రను అదే పద్ధతిలో చిత్రించారు. పదివేల మంది సైనికులకు ఒక మిల్లీమీటరు చొప్పున కొలత పెట్టారు. నీమెన్ నది దాటిన 4,22,000 మందిని సూచించే పట్టీ తిరుగు ప్రయాణం ముగిసేసరికి ఒక్క మిల్లీమీటరుకు తగ్గింది. అంటే మిగిలింది పదివేల మందే.

మరుసటి సంవత్సరమే ఫ్రాన్స్‌పై యుద్ధం విరుచుకుపడింది. ప్రష్యా సేనలు ప్యారిస్‌ను సమీపిస్తుండగా 1870 సెప్టెంబరు 11న మినార్ తన గ్రంథాలను, పత్రాలను చాలావరకు ఇంట్లోనే విడిచి, చేపట్టిన పనికి సంబంధించిన కొద్ది కాగితాలతో బోర్డో నగరానికి తరలివెళ్లారు. అక్కడ జ్వరపీడితులై అక్టోబరు 24న, 89వ ఏట కన్నుమూశారు.