బిడియం వదులుకోని ఫోటోగ్రాఫర్

మొహమాటం అనే మాటలోనే మొహం ఉంది. ఎదుటివాళ్ళ మొహం చూసి మనం వెనక్కి తగ్గుతాం చూడండి, అదే మొహమాటం. కెమెరా పట్టుకుని వీధిలోకి వెళ్ళినవాళ్ళకి ఈ మాట బాగా అర్థమవుతుంది. గోపురాన్నీ, చెట్టునీ, మెరీనా అలల్నీ ఎన్ని ఫోటోలైనా తీస్తాం. తెలియని మనిషి ఎదురుగా ఉంటే మాత్రం చెయ్యి లేవదు. మన క్లాసులో ఫోన్ లేనివాళ్ళు లేరు. అయినా మైలాపూర్ మాడవీధిలో పూలు కట్టే అమ్మని ఫోటో తీయాలంటే నువ్వు తియ్యి అంటే నువ్వు తియ్యి అని ఒకరినొకరు ముందుకి తోసుకుంటాం. నేనూ ఆ గుంపులో దాన్నే.

అందుకే హెన్రీ కార్టియర్ బ్రెసన్ జీవితం గురించి చదవడం మొదలుపెట్టాను. వీధి ఫోటోగ్రఫీకి గురువు ఎవరు అంటే ప్రపంచంలో ఎక్కువమంది చెప్పే పేరు ఆయనదే. ఎంతో ధైర్యవంతుడై ఉంటాడు, ఎవరి ముందైనా కెమెరా ఎత్తేసేవాడై ఉంటాడు అనుకున్నాను. చదివితే సంగతి వేరేలా ఉంది. వేలమంది తెలియని మనుషుల్ని ఫోటో తీసిన ఈ మనిషికి తన ఫోటో ఇంకొకరు తీస్తే అస్సలు నచ్చేది కాదు. 1975లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చినప్పుడు కూడా కెమెరాలు కనబడగానే కాగితం అడ్డుపెట్టుకుని మొహం దాచుకున్నారు.

ఆయన 1908 ఆగస్టు 22న పారిస్ దగ్గర్లోని శాంతలూ అనే ఊళ్ళో పుట్టారు. వాళ్ళది దారం తయారుచేసే వ్యాపార కుటుంబం, డబ్బుకి లోటు లేదు. పెద్ద కొడుకు వ్యాపారం చూసుకుంటాడని ఇంట్లో ఆశ. ఆయన మనసంతా బొమ్మలు వేయడం మీద. ఆంద్రే లోత్ అనే చిత్రకారుడి దగ్గర చేరి బొమ్మలో ఏది ఎక్కడ ఉండాలి, గీతకీ గీతకీ లెక్క ఏమిటి అన్నది నేర్చుకున్నారు. తర్వాత ఆయన తీసిన ఫోటోలన్నిటి వెనకా ఆ లెక్క ఉంది.

ఇరవై రెండేళ్ళప్పుడు ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌కి వెళ్ళి వేటాడి బతికారు. అక్కడ ప్రాణం మీదికి వచ్చే జ్వరం పట్టుకుంది. ఇక బతకననుకుని, తనని ఎక్కడ పూడ్చాలో, అప్పుడు ఏ సంగీతం వాయించాలో కూడా తాతగారికి ఉత్తరం రాశారట. అదంతా చాలా ఖర్చుతో కూడిన పని, ముందు నువ్వు ఇంటికి రా అని అటునించి జవాబు వచ్చిందట! జ్వరం తగ్గి ఫ్రాన్సుకి తిరిగొచ్చాక ఒక ఫోటో ఆయన కంటపడింది. మార్టిన్ ముంకాచి అనే హంగరీ దేశస్థుడు తీసింది. ముగ్గురు నల్లజాతి కుర్రాళ్ళు టాంగన్యికా సరస్సు అలల్లోకి పరుగెత్తుతున్నారు, అంతే. కెమెరాతో ఇంత పని చేయొచ్చా అని అప్పుడు తెలిసింది. 1932లో మార్సే నగరంలో లైకా కెమెరా కొన్నారు.

ఆ కెమెరా సంగతి కొంచెం చెప్పుకోవాలి. అంతకుముందు చాలాకాలం ఫోటో అంటే ఎక్కువగా మూడు కాళ్ళ స్టాండు, గాజు పలక, నల్లగుడ్డ. మన హైదరాబాద్‌లో నిజాం దగ్గర పనిచేసిన రాజా దీన్‌దయాళ్ కాలం అలాంటిదే. ఫోటో తీయించుకునేవాళ్ళకి తెలియకుండా తీయడం కుదిరే పని కాదు. పరదా పాటించే స్త్రీల బిడియాన్ని గౌరవించి ఆయన 1892లో ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, అక్కడ ఒక ఇంగ్లీషు మహిళ చేత ఫోటోలు తీయించారు. అంటే అక్కడ బిడియానికి నాలుగు గోడలు కట్టారన్నమాట. లైకా వచ్చాక కథ మారింది. అది అరచేతిలో ఇమిడిపోతుంది. సినిమా ఫిల్మే అందులో చుట్టపెట్టి ముప్పై ఆరు ఫోటోలు తీయొచ్చు. స్టాండు అక్కర్లేదు. ఫోటోగ్రాఫర్ మామూలు బాటసారిలా వీధిలో నడవగలిగాడు.

బ్రెసన్ ఇంకో అడుగు ముందుకేశారు. కెమెరా మీద మెరిసే భాగాలన్నిటికీ నల్ల టేపు అంటించారు. ఫ్లాష్ వాడేవారు కాదు. దూరం నించి లాగి తీసే పెద్ద లెన్సుల జోలికి పోలేదు. మనిషి కంటికి దగ్గరగా ఉండే 50 మిల్లీమీటర్ల లెన్సే దాదాపు జీవితాంతం వాడారు. అంటే ఆయన దూరంగా దాక్కోలేదు. దగ్గరికే వెళ్ళారు, కానీ చప్పుడు చేయకుండా వెళ్ళారు.

ఇక ఆయన ఫోటోలు తీసే తీరు. 1932లోనే దక్షిణ ఫ్రాన్సులోని ఇయేర్ అనే ఊళ్ళో తీసిన ఫోటో ఒకటుంది. పైనించి చూస్తే మెలికలు తిరిగిన మెట్లు, ఇనప కటకటాలు, కింద వంపు తిరిగిన వీధి. ఆ వంపులోకి ఒక సైకిలు దూసుకొచ్చింది. సైకిలు వెంట ఆయన పరుగెత్తలేదు. చోటు అక్కడే ఉంది, మనిషే అందులోకి వచ్చాడు. నాకు ఇది చాలా నచ్చింది. బిడియం ఉన్నవాళ్ళకి ఇంతకంటే మంచి మొదలు లేదు. ముందు చోటు ఎంచుకోవాలి. మంచి వెలుగున్న గోడో, మెట్లో, టీ కొట్టు ముందరి అరుగో చూసుకుని నిలబడాలి. అప్పుడు మనం ఒకరి దారిలోకి వెళ్ళినట్టు ఉండదు, వాళ్ళే మన ఫ్రేములోకి నడిచి వస్తారు. పది నిమిషాలు ఒకేచోట నిలబడితే చూసేవాళ్ళు కూడా చూడడం మానేస్తారు.

1937లో ఇంగ్లండు రాజు ఆరో జార్జి పట్టాభిషేకానికి ఆయన్ని ఒక ఫ్రెంచి పత్రిక పంపింది. మిగతా ఫోటోగ్రాఫర్లంతా రాజు కోసం చూస్తుంటే, ఈయన రాజు వైపు వీపు పెట్టి, రాజుని చూడ్డానికి వచ్చిన జనాన్ని తీశారు. అందరూ ఒక వైపు చూస్తుంటే మనల్ని ఎవరు చూస్తారు? ఉత్సవంలో ఫోటోలు తీయడం ఎందుకు తేలికో దీంతో తెలిసిపోతుంది. మన కపాలీశ్వరుడి గుడి అరవత్తుమూవర్ ఉత్సవం రోజు జనమంతా పల్లకీల వైపే చూస్తుంటారు. ఆ మొహాల్లోని భక్తి, అలసట, నాన్న భుజం మీద కూర్చున్న పిల్ల కళ్ళు తీసుకోవడానికి అంతకంటే మంచి రోజు లేదు.

రెండో ప్రపంచయుద్ధంలో ఆయన 1940లో జర్మన్లకి చిక్కారు. అంతకుముందే తన లైకాని ఒక పొలంలో పాతిపెట్టారు. రెండుసార్లు పారిపోబోయి దొరికిపోయారు. మూడోసారి, 1943లో, తప్పించుకున్నారు. వెళ్ళి కెమెరాని తవ్వి తీసుకున్నారు. ఈలోగా అమెరికాలో ఆయన చనిపోయాడనుకుని న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియం వాళ్ళు స్మారక ప్రదర్శనకి ఏర్పాట్లు మొదలుపెట్టారు. 1947లో ఆ ప్రదర్శన తెరుచుకునేసరికి ఆయన నిక్షేపంగా బతికే ఉన్నారు! అదే ఏడు రాబర్ట్ కాపా మొదలైన స్నేహితులతో కలిసి మాగ్నమ్ అనే ఫోటోగ్రాఫర్ల సంస్థ పెట్టారు.

ఆ సంస్థ తరఫునే, జావా నర్తకి అయిన భార్య రత్నా మోహినితో కలిసి మన దేశం వచ్చారు. 1948 జనవరి 30న ఢిల్లీ బిర్లా హౌస్‌లో గాంధీజీని కలిసి తన ఫోటోల పుస్తకం చూపించారు. గాంధీజీ పేజీలు నెమ్మదిగా తిప్పుతూ చూశారట. ఆయన సెలవు తీసుకుని వెళ్ళిన కాసేపటికే గాంధీజీ హత్య జరిగింది. ఆ రాత్రి జరిగిన ఒక విషయం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. లైఫ్ పత్రిక తరఫున వచ్చిన మార్గరెట్ బర్క్-వైట్ చాలా గొప్ప ఫోటోగ్రాఫర్, ధైర్యంలో ఎవరికీ తీసిపోని స్త్రీ. ఆమె పార్థివదేహం ఉన్న గదిలోకి కెమెరా తీసుకెళ్ళి ఫ్లాష్ వెలిగించింది. ఏడుస్తున్నవాళ్ళకి కోపం వచ్చింది. ఆమెని బయటికి పంపేశారు, ఫిల్మ్ కూడా పోయింది. బ్రెసన్ ఫ్లాష్ లేకుండా, ఉన్న వెలుగులోనే పనిచేశారు. గేటు దగ్గర నెహ్రూ జనానికి ఆ వార్త చెబుతున్న ఫోటో కొంచెం మసగ్గానే ఉంటుంది. మసగ్గా ఉన్నా అది మిగిలింది. ధైర్యం ఒక్కటే ఉంటే చాలదని, పక్కవాళ్ళ దుఃఖం ముందు కాస్త జంకు ఉండడమే మంచిదని నాకనిపించింది.

అదే సంవత్సరం శ్రీనగర్‌లో తీసిన ఫోటో కూడా ప్రసిద్ధమే. హరి పర్బత్ కొండ మీద ముసుగులు వేసుకున్న ముస్లిం స్త్రీలు సూర్యుడు వచ్చే దిక్కుకి తిరిగి ప్రార్థన చేస్తుంటారు. ఒకామె చేతులు చాచి ఉంటుంది. ఆ చేతుల మీద దూరపు మబ్బులూ కొండలూ నిలబడినట్టు ఉంటాయి. మనకి కనిపించేది ఎక్కువగా వాళ్ళ వీపులే. అయినా ఆ ప్రార్థన మొత్తం మనకి అందుతుంది. మొహం చూపించకుండా కూడా మనిషిని చూపించవచ్చన్నమాట.

1950లో ఆయన మన వైపు వచ్చారు. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని తిరువణ్ణామలైలో రమణ మహర్షిని ఆఖరి రోజుల్లో ఫోటో తీశారు. ఏప్రిల్ 14 రాత్రి 8:47కి ఆకాశంలో ఒక వెలుగు నెమ్మదిగా కదలడం చూసి ఆయన వెంటనే గడియారం చూసుకున్నారు. మహర్షి కన్నుమూసిన సమయం అదే. తెలుగు చదువుకునే మనం ఇక్కడ ఇంకొకరిని తలచుకోవాలి. అదే ఆశ్రమంలో, చిన్నతనంలోనే భర్తని పోగొట్టుకున్న సూరి నాగమ్మ గారు రోజూ కళ్ళతో చూసింది చూసినట్టు అన్నగారికి తెలుగులో ఉత్తరాలు రాసేవారు. అవే శ్రీరమణాశ్రమ లేఖలు. ఆమె చేతిలో కెమెరా లేదు, కలమే. ఇద్దరూ చేసింది ఒకే పని, గమనించడం.

1952లో ఆయన పుస్తకం వచ్చింది. అట్ట మీద బొమ్మ మాతీస్ వేశారు. ఇంగ్లీషులో దాని పేరుకి నిర్ణాయక క్షణం అని అర్థం. అది విని మనం భయపడతాం, ఆ క్షణం మనకి దొరుకుతుందా అని. కానీ ఫ్రెంచి పేరు వేరు. అందులోని సోవెత్ అనే మాట లైసెన్సు లేకుండా వీధిలో సరుకు పరిచి, పోలీసు రాగానే మూటగట్టుకుని పరుగెత్తే చిల్లర వ్యాపారుల గురించి వాడేది. పారిస్ కార్నర్ ప్లాట్‌ఫారాల మీద కార్పొరేషన్ బండి వస్తోందనగానే దుప్పటి నాలుగు మూలలూ కలిపి ఎత్తుకునేవాళ్ళని మనం చూస్తూనే ఉంటాం. ఆయన తన ఫోటోల్ని అలాంటి సరుకుతో పోల్చుకున్నారు. హడావిడిగా, కొంచెం దొంగతనంగా ఎత్తుకొచ్చినవి. ఒక భాష నించి ఇంకో భాషకి వెళ్ళేసరికి ఆ బిడియం అంతా పోయి గంభీరమైన పేరు ఒకటి మిగిలింది. అనువాదం పేపరు చదువుతున్న మనకి ఇది మంచి ఉదాహరణ.

ఆ దొంగతనం అనే మాట దగ్గరే నాకు ఒక అనుమానం కూడా ఉంది. అదే 1950లో మదురైలో ఆకలికి ఎముకలు తేలిన పసిబిడ్డని, తల్లిని ఆయన ఫోటో తీశారు. ఆ ఫోటో ప్రపంచమంతా చూసింది. ఆ తల్లి పేరు మాత్రం ఫోటో కింద లేదు. దూరదేశం నించి వచ్చిన పెద్దింటి మనిషి అడగకుండా తీసుకోవచ్చా? తీయకపోతే ఆ ఆకలి ఎవరికి తెలిసేది? రెండు ప్రశ్నలూ నిజమైనవే అని నాకనిపిస్తుంది. కనీసం ఒకటి చెప్పగలను. తెలియని మనిషి ముందు మన చెయ్యి ఆగినప్పుడు అందులో రెండు ఉంటాయి. నన్ను ఏమంటారో అన్న భయం ఒకటి, వాళ్ళకి ఎలా ఉంటుందో అన్న మర్యాద ఇంకొకటి. పోగొట్టుకోవాల్సింది మొదటిదాన్నే.

ఇంకో తేడా కూడా ఉంది. ఆయనలా ఎవరికీ కనబడకుండా తిరగడం మనకి కుదరదు. కెమెరా పట్టుకున్న అమ్మాయిని వీధంతా చూస్తుంది. అయితే దానికీ దారి ఉంది. హోమాయ్ వ్యారావాలా చీర కట్టుకుని, బరువైన కెమెరాలు మోసుకుంటూ ఢిల్లీలో సైకిలు మీద తిరిగింది, అందరికీ కనబడుతూనే దేశ చరిత్రని ఫోటో తీసింది. పైగా ఆయనకి రాని భాష మనకి వచ్చు. అక్కా, ఒరు ఫోటో ఎడుక్కలామా అని అడగడానికి ఒక్క నిమిషం పట్టదు. సౌకార్‌పేటలో అయితే తెలుగులోనే అడగొచ్చు. వద్దంటే నవ్వి వచ్చేయడమే.

బ్రెసన్ డెబ్బయిల నించి కెమెరా దాదాపు పక్కనపెట్టి మళ్ళీ పెన్సిలు పట్టుకున్నారు. మొదట ప్రేమించిన బొమ్మల దగ్గరికే వెళ్ళిపోయారు. 2004 ఆగస్టు 3న, తొంభై ఆరేళ్ళు నిండడానికి కొద్దిరోజుల ముందు, దక్షిణ ఫ్రాన్సులోని తన ఇంట్లో కన్నుమూశారు.

మొదలుపెట్టాలనుకునే మన క్లాసువాళ్ళకి ఒక్క మాట. ఫ్లాష్ ఆపేయండి, ఫోన్ చప్పుడు కూడా ఆపేయండి. రోజూ వెళ్ళే దారిలోనే ఒక చోటు ఎంచుకుని వారం రోజులు అక్కడే నిలబడండి. ఫోటో తీశాక ఆ మనిషికి చూపించండి. బాలేదమ్మా, ఇంకోటి తియ్యి అని వాళ్ళే అనొచ్చు.