ఏటీపీ నుంచి అమినోప్టెరిన్ దాకా: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మా రెడ్‌మండ్‌కి ఉత్తరాన, కారులో వెళ్తే దగ్గరలోనే ఉంటుంది ఎవరెట్. అమెరికాలో కోవిడ్ నిర్ధారణ అయిన మొట్టమొదటి రోగికి 2020 జనవరిలో అక్కడి ఆసుపత్రిలోనే రెమ్‌డెసివిర్ ఎక్కించారు. ఒంట్లోకి వెళ్ళాక ఆ మందు ఏటీపీని పోలిన రూపం దాలుస్తుంది. వైరస్ ఆర్ఎన్ఏకి నకళ్ళు తీసే పాలిమరేజ్ అనే ఎంజైము దాన్ని అసలు ఏటీపీ అనుకుని గొలుసులో చేర్చుకుంటుంది. ఇంకో మూడు ముక్కలు అతికించి అక్కడే చతికిలబడుతుంది. తర్వాత జరిగిన పరీక్షల్లో ఫలితాలు అటూఇటూగా వచ్చాయి, అది వేరే సంగతి. ఏటీపీని మొదట గుర్తించిన కొద్దిమందిలో ఒకరు మన తెలుగువారు, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పదమూడేళ్ళప్పుడు కాశీకి పారిపోయి అరటిపళ్ళు అమ్ముకుందామనుకుంటే, తల్లి వెంకమ్మ గారు పట్టి తెచ్చి, నగలమ్మి చదివించారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కింది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు తెల్ల ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది. ఎంబీబీఎస్ రావలసిన చోట ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. అన్న పురుషోత్తం స్ప్రూ అనే సంగ్రహణి వ్యాధితో కళ్ళముందే పోయారు. ఆ దుఃఖం ఆయన్ని వదల్లేదు.

1922లో బోస్టన్‌లో దిగారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, మామగారు సాయం చేశారు. అయినా చాలక రాత్రిళ్ళు ఆసుపత్రిలో బెడ్‌పాన్లు కడిగారు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏటీపీని కనిపెట్టారు. అంత పని చేసినా అక్కడ శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ కంపెనీకి మారారు.

అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది పనిచేసింది, కానీ అన్నగారు పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఇదే కోవకు చెందిన పదార్థాలు రక్తక్యాన్సర్ పిల్లలకిచ్చి చూస్తే, జబ్బు ముదిరినట్టు కనిపించింది. అయితే ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడేది ఇస్తే? లెడర్లీ రసాయనజ్ఞులు ఆ అణువులో కొద్దిపాటి మార్పు చేసి అమినోప్టెరిన్ తయారుచేశారు. బంతిభోజనంలో పిలవని చుట్టం వచ్చి కూర్చున్నాడనుకోండి. తినడు, లేవడు, అసలు చుట్టానికి విస్తరి దొరకదు. ఎంజైములో ఈ మందు చేసే పని అదే. ఇక్కడ ఎంజైము మన కణాలదే, వైరస్‌ది కాదు. ఎత్తు మాత్రం రెమ్‌డెసివిర్‌ది లాంటిదే. 1948 జూన్‌లో ఫార్బర్ వెల్లడించిన ఫలితాల ప్రకారం, 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టింది. అమినోప్టెరిన్‌కి తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ని డాక్టర్లు ఇవాళ్టికీ రాస్తున్నారు.

1923 నాటి సుప్రీంకోర్టు తీర్పు వల్ల 1946 దాకా మనవాళ్ళకి ఇక్కడ పౌరసత్వం దక్కే దారి లేదు. ఆ తర్వాత దారి తెరుచుకున్నా సుబ్బారావు గారు అమెరికా పౌరుడు కాలేదు. మూడేళ్ళలో వస్తానని భార్య శేషగిరి గారికి చెప్పి వచ్చిన మనిషి, మళ్ళీ ఇంటి గడప తొక్కలేదు. ఫార్బర్ వ్యాసం అచ్చయిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, నిద్రలోనే పోయారు.