మజిలీ మజిలీగా కాశీదాకా

ఏనుగుల వీరాస్వామయ్యగారి పేరు మన తెలుగు శాఖ మిత్రులకు పరీక్షల పుణ్యమా అని తెలుసు. సైన్సు, కామర్సు మిత్రులకు కూడా ఆయన్ని పరిచయం చేయాలని నా కోరిక. ఎందుకంటే ఆ పెద్దమనిషి కాశీకి పోయింది మన జిల్లా మీదుగానే!

చిన్నతనంలోనే తండ్రి పోయాడు. ఇంగ్లీషు నేర్చి, చిన్నా చితకా కొలువులు చేసి, చివరికి మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్ అయ్యారు. హాయిగా ఇంట్లో కూర్చోవలసిన వయసులో, 1830 మే 18న, సుమారు వందమంది పరివారంతో మద్రాసు నుంచి బయలుదేరారు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, అక్కణ్ణించి ఉత్తరంగా నిర్మల మీదుగా నాగపూరు, జబల్పూరు, ప్రయాగ, కాశీ. గయ చూసుకుని, గంగలో పడవల మీద కలకత్తా వైపు దిగి, పూరీ, శ్రీకాకుళం, రాజమండ్రి, నెల్లూరు మీదుగా 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. మొత్తం పదిహేను నెలల పైచిలుకు.

ఇదంతా దేశంలోపలి ప్రయాణమే గదా అనుకోవద్దు. అప్పుడు కుంపిణీవారి సీమ ఒకటి, నిజాం రాజ్యం ఒకటి, నాగపూరు భోసలేలది ఇంకొకటి. నాలుగు మజిలీలు దాటితే భాష మారేది, నాణెం మారేది. ఒక విధంగా ఫారిన్ టూరే.

ఇక్కడ మా దోస్తు ఒకడు అడ్డం తగిలాడు. నడక, నడక అంటావు, ఆయన పోయింది మేనాలో గదా, నడిచింది బోయీలు గదా అని. వాడి మాట నిజమే, దాచేదేం లేదు. రాళ్ళూ ముళ్ళూ తొక్కినవి బోయీల కాళ్ళు, రాసింది అయ్యగారి చెయ్యి. కానీ మేనా కూడా మనిషి నడిచినంత వేగంగానే పోతుంది. అందుకే ఆయన కంట ఏదీ తప్పిపోలేదు. ఏ ఊళ్ళో నీళ్ళు మంచివి, ఎక్కడ అంగళ్ళున్నాయి, ఏ వాగు ఎట్లా దాటాలి, దారి రాతిదా రేగడిదా, అన్నీ రాసిపెట్టారు. తర్వాత వచ్చే బాటసారికి పనికిరావాలని ఆయన తపన.

మా బోధన్ వైపు ఆయన రాలేదు. వచ్చినా ఇప్పటి చెరుకు తోటల సీమ కనిపించేది కాదు. నిజాంసాగర్ పూర్తయింది 1931లో, ఆయన ఇల్లు చేరిన సరిగ్గా నూరేళ్ళకు. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ ఆ తర్వాతిది. 2015లో అదీ మూతపడింది. మా తాత చెరుకు బండ్ల వెంట రాత్రంతా నడిచి ఆ ఫ్యాక్టరీ గేటుకు చేరేవాడట. ఎడ్లకు బరువని బండెక్కేవాడు కాదట. ఎక్కడ బావి ఉందో, ఎవరి వాకిట్లో పడుకోనిస్తారో ఆయన నోటిమీద ఉండేది. రాయడం రాదు గనక ఆ లెక్క ఆయనతోనే పోయింది. వీరాస్వామయ్యగారి పుస్తకం చదివేటప్పుడు నాకు బోయీలతో పాటు మా తాత కూడా యాదికొస్తాడు.

నిజామాబాదు అనే పేరు కూడా వీరాస్వామయ్యగారు విని ఉండరు. అప్పుడది ఇందూరు. రైలు వచ్చాక స్టేషనుకు పెట్టిన పేరే ఊరికి స్థిరపడింది. రైలుతోపాటే మజిలీలూ పోయాయి.

పోయిన చలికాలం ఒక ఆదివారం మేం ముగ్గురం ఇందల్వాయి నుంచి డిచ్‌పల్లికి హైవే పక్కన నడిచాం. బస్సులో ఎన్నిసార్లు పోయానో, ఆ అడవి వాసన ఒక్కసారీ తెలియలేదు. టోల్‌గేటు దగ్గర మాత్రం నవ్వొచ్చింది. ఆ కాలంలోనూ దారి పొడుగునా సుంకం చౌకీలే. కాళ్ళకు మాత్రం ఇంకా పన్ను వెయ్యలేదు! మధ్యాహ్నానికి ఒకడి చెప్పు తెగింది. మిగతా దారంతా వాడి తిట్లు వింటూ నడిచాం.

వీరాస్వామయ్యగారు 1836లో పోయారు. దారిలో నుంచి ఆయన రాసి పంపిన ఉత్తరాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళె కాపాడి, 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చు వేయించారు. తన పుస్తకాన్ని అచ్చులో చూసుకునే భాగ్యం ఆయనకు లేకపోయింది. దిగవల్లి వేంకట శివరావుగారు 1941లో మళ్ళీ వెలుగులోకి తెచ్చారు.

ఈసారి ఆర్మూరు నుంచి సోన్ దగ్గర గోదావరి దాకా నడవాలని అనుకుంటున్నాం. ఒక్క రోజులో అయ్యే పని కాదు, మధ్యలో ఎక్కడో పడుకోవాలి. వచ్చేవాళ్ళు హాస్టల్లో పేరివ్వండి. చెప్పులు మాత్రం గట్టివి తెచ్చుకోండి.